రాళ్ళ మీది మోటరు

పాల్మాకుల ఊళ్ళో అనంతమ్మ మోటరు హారన్ కొడితే హిమాయత్ సాగర్ నీళ్ళ మీద వాలిన కొంగలన్నీ ఒక్కసారిగా లేచి, ఆకాశంలో ఒక చుట్టు చుట్టి, మోటరు ఎటు పోతున్నదో చూసుకొని మళ్ళీ వాలేవట. కొంగలను అడిగి తెలుసుకున్నవాళ్ళు లేరు గానీ, కొండల్ మాత్రం తల్లి మీద ఒట్టు పెట్టి చెప్పేవాడు. కొండల్ ఆ మోటరుకు డ్రైవరు. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ మోటరు అదొక్కటే, డ్రైవరు వాడొక్కడే. అటువంటప్పుడు వాడి మాట కాదనడానికి ఇంకొకడు ఎక్కడినుంచి వస్తాడు?

మొదట వాడు బాలమల్లు పటేలు ఇంట్లో ఎద్దుల బండి తోలేవాడు. పటేలు పట్నంలో ఒక నవాబు దగ్గర ఈ మోటరు కొన్నప్పుడు, పని నేర్చుకొమ్మని కొండల్‌ను ఆ నవాబు డ్రైవరు దగ్గర వదిలిపెట్టి వచ్చాడు. మొదటి రోజు ఆ డ్రైవరు మూత ఎత్తి ఇంజను చూపిస్తే కొండల్ రెండడుగులు వెనక్కి వేశాడు. ఇనుము కడుపులో నిప్పు పుడుతున్నది, ఆ నిప్పు ఇనుమును కాల్చకుండా బండిని లాగుతున్నది. ముల్లుకర్ర లేదు, అదిలింపు లేదు. కాలి బొటనవేలు కింద ఇంత నొక్కితే గుట్టంత బండి గుర్రమై ఉరుకుతున్నది. ఆ రాత్రి అన్నం ముందు కూర్చొని తన బొటనవేలును తానే చూసుకున్నాడు, ఇది నా కాలిదేనా అని.

నల్లటి మోటరు. ముందర ఇత్తడి దీపాలు రెండు. అది నవాబు ఇంటి ఆడవాళ్ళ కోసం తెప్పించినది కనుక వెనక సీటు చుట్టూ ఆకుపచ్చ మఖ్మలు పరదాలు ఉండేవి. డ్రైవరుకూ వెనకవాళ్ళకూ నడుమ కూడా ఒక పరదా. బేగములు అందులో కూర్చొని పట్నమంతా తిరిగేవాళ్ళట, పట్నంలో ఒక్క ఇటుకనైనా చూడకుండా. పటేలు ఆ పరదాలు తీయించలేదు. అంత ఖరీదైన గుడ్డను ఎవరు తీయిస్తారు?

తర్వాత పటేలు పోయాడు. ఆ వెనకే యుద్ధం వచ్చింది. పెట్రోలుకు చీటీలు పెట్టారు. పటేలు భార్య అనంతమ్మకు పోయే చోటు ఏముంది? ఏడాదికి ఒక పెండ్లి, ఒక చావు. మోటరు కొట్టంలోనే ఉండిపోయింది. బీమా మాత్రం ఉండిపోలేదు. మోటరు కదిలినా కదలకపోయినా బీమా కిస్తు ఏడాది తిరిగేసరికి గుమ్మం ముందుకు వచ్చి నిలబడేది.

"దున్నని ఎద్దుకు ఎన్నొద్దులు మేత వెయ్యాల్రా కొండల్?" అన్నది అనంతమ్మ ఒకనాడు. "బీమా మానేద్దామంటే పక్కనే గడ్డివాము. ఒక్క నిప్పురవ్వ పడితే పటేలు తెచ్చిన మోటరు బూడిదైతది. కడదామంటే చేతుల పైస ఆడుతలేదు. పట్నం గుత్తేదారు అడుగుతనే ఉన్నడు. టైర్లు దొరుకుతలేవంట, నాలుగు టైర్ల కోసమన్న కొంటనంటున్నడు. ఇచ్చేస్తె ఏమైతది?"

టైర్ల కోసం! తోలు కోసం ఏనుగును అడిగినట్లున్నది కొండల్‌కు. "వద్దమ్మా. బీమాయన్నే అడుగుదం. నడవని బండికి గంత ఎందుకు అని అడుగుదం."

అడిగారు. బీమా కంపెనీ మనిషి పట్నం నుంచి రైల్లో ఉమ్దానగర్ స్టేషన్‌లో దిగి, అక్కడినుంచి ఎడ్లబండి ఎక్కి వచ్చాడు. సన్నంగా, పొడుగ్గా, మల్లెపువ్వులాంటి పంచె కట్టుకొని ఉన్నాడు. సొంతూరు గోదావరి ఒడ్డున రాజమండ్రి. ఉద్యోగానికని వచ్చి పట్నంలో పడి ఉన్నాడు. ఊరివాళ్ళు అతనికి బీమా పంతులని పేరు పెట్టుకున్నారు.

"చూడండి అమ్మగారూ," అన్నాడు పంతులు, "తిరిగే బండికి ఒక కిస్తు, నిలిపిన బండికి ఒక కిస్తు. రోడ్డెక్కని బండి ఎవర్నీ గుద్దదు, దాన్నీ ఎవరూ గుద్దరు. నిప్పుకీ దొంగకీ తప్ప దానికి దేనికీ భయం లేదు. చక్రాలు ఊడదీయించి రాళ్ళ మీద నిలబెట్టండి. చక్రాలు వేరేచోట దాయండి. కిస్తు సగానికి పైగా తగ్గిస్తాం. ఏడాది పోయాక వచ్చి చూస్తాను. కదల్లేదంటే అదే తగ్గింపు సాగుతుంది. కదిలిందని తేలిందా, తగ్గించిందంతా వెనక్కి కట్టాలి."

ఇట్లా చెప్పి, మోటరులో తొంగిచూసి, మైళ్ళ మీటరు మీద ఉన్న అంకె రాసుకొని వెళ్ళిపోయాడు.

మరునాడే గగన్‌పహాడ్ నుంచి నాలుగు నల్లరాళ్ళు తెప్పించారు. ఊరి మగవాళ్ళందరూ గునపాలు పెట్టి ఎత్తుతుంటే కొండల్ ఒక్కొక్క చక్రమే ఊడదీశాడు. నాలుగో చక్రం వచ్చేసరికి వాడి కండ్లల్లో నీళ్ళు తిరిగాయి. చక్రాలు వడ్ల కొట్టులోకి పోయాయి. మోటరు రాళ్ళ మీద కూర్చున్నది, మట్టిగోడకు ముఖం పెట్టి, అలిగిన పెద్దకోడలు లాగా.

కొన్నాళ్ళకు కొండల్‌కు ఒక బెంగ పట్టుకున్నది. మంచం పట్టిన మనిషికి కాళ్ళు చచ్చుబడతాయి. మరి ఇంజనుకు? మళ్ళీ లేచే రోజు వచ్చినప్పుడు అది నడక మరిచిపోయి ఉంటే, గుత్తేదారు కాదు, పాత ఇనుపవాడు కూడా ముట్టడు. పటేలు దాచిపెట్టిన పెట్రోలు డబ్బా ఒకటి కొట్టం మూలన ఉన్నది. శంషాబాద్ అంగడి రోజున, అనంతమ్మ ఎప్పటిలాగే ఎడ్లబండిలో అంగడికి పోయింది చూసి, కొట్టం తలుపులు బార్లా తెరిచి, ఇంత పెట్రోలు పోసి, హ్యాండిల్ పెట్టి తిప్పాడు.

మోటరు ఒకసారి దగ్గింది. రెండోసారి ఉమ్మింది. మూడోసారి లేచింది. ఆ మోతకు గడ్డివాములోంచి కోళ్ళు ఎగిరి కొట్టం కప్పెక్కాయి. కొండల్ ఎక్కి కూర్చొని గేరు కూడా వేశాడు. ఉత్తగా ఆడిస్తే అది గురక పెట్టినట్లే, గేరు వేస్తేనే నడిచినట్లు, అని వాడి నమ్మకం. వెనక చక్రాలు ఉండాల్సిన చోట ఇనుప బిళ్ళలు గాలిలో గిర్రుమని తిరిగాయి. మోటరు ఒళ్ళంతా వణికింది. ఎక్కడికీ పోలేదు.

"ఓ కొండలూ! యాడికి పోతున్నవ్‌రా?"

వెనక సీటులోంచి మాట. పరదా తొలగించి చూస్తే ఈరమ్మ. అనంతమ్మ ఇంట్లో చల్ల చిలికే ముసలమ్మ. మోకాళ్ళ నొప్పులు. మోటరు సీటు మెత్తగా ఉంటుందని మధ్యాహ్నం పూట వచ్చి అందులో కునుకు తీయడం అలవాటట. కొండల్‌కు ఇన్నాళ్ళూ తెలియదు.

దొరికిపోయిన మనిషికి తోచే మాటే తోచింది వాడికి. "పట్నం పోతున్న పెద్దమ్మా."

"మరి చెప్పవేందిరా! నేను ఎన్నడన్న పోయిన్నా? తలకు నూనె గూడ పెట్టుకోలే." ఈరమ్మ కొంగు సవరించుకొని సర్దుకు కూర్చున్నది. "పోనీ, పోనీ. జర నిమ్మళంగ పోనీ."

ఏం చేస్తాడు? పోనిచ్చాడు. నవ్వులాటకే మొదలుపెట్టాడు. "ఇగో, శంషాబాద్ దాటినం పెద్దమ్మా. గగన్‌పహాడ్ గుట్టలొస్తున్నయ్, గట్టిగ పట్టుకో." స్టీరింగు తిప్పాడు. "కాటేదాన్. ఇగో, ఎడమచేతి దిక్కు కొండ మీద తెల్లగ ఫలక్‌నుమా. శాలిబండ ఎక్కుతున్నం. అగో చార్మినార్."

వెనక పరదా చాటున చప్పుడు లేదు. నిద్రపోయిందేమో అనుకున్నాడు. ఇంజను ఆపి దిగి చూస్తే ఈరమ్మ రెండు చేతులూ జోడించి కూర్చొని ఉన్నది. ముఖం వెలుగుతున్నది.

"ఎంత పెద్దగున్నదిరా," అన్నది నెమ్మదిగా. "నాలుగు కాళ్ళ మీద నిలబడ్డది. మల్లెపూలు అమ్ముతున్నరు ఆడ. వాసనొచ్చింది."

కొండల్ నవ్వబోయి నవ్వలేకపోయాడు. వాడు చార్మినార్ అన్నాడు గానీ నాలుగు కాళ్ళని చెప్పలేదు. మల్లెపూల మాటే ఎత్తలేదు.

ఇంకేముంది! వచ్చే అంగడి రోజుకు ఈరమ్మ వెంట ఆమె ఈడుదే చంద్రమ్మ వచ్చింది. ఆ పై అంగడికి ముసలమ్మలందరూ తలలు దువ్వుకొని, కొత్త కోకలు కట్టుకొని కొట్టం ముందు నిలబడ్డారు. పోయేది పట్నం కదా మరి. ఊళ్ళో గొర్లకాపరి కుర్మయ్య ఇది చూసి గొంగడి కింద పడేసి నవ్వాడు.

"ఓ పిచ్చి ముసలోళ్ళారా! చక్రాలు వడ్ల కొట్టుల ఉన్నయ్. మోటరు ముంగట మట్టిగోడ ఉన్నది. మీరు పట్నమెట్ల పోతున్నరే?"

"బేగములు ఎట్ల పోయిన్రురా?" అని ఎదురడిగింది ఈరమ్మ. "గీ పరదాలల్లనే కూసుంటిరి. వాళ్ళు రోడ్డు చూసిన్రా, గోడ చూసిన్రా? డ్రైవరు వచ్చిందన్నడు, వచ్చిందనుకున్నరు. వాళ్ళు పోయినట్టా, పోనట్టా?"

కుర్మయ్య కింద పడ్డ గొంగడి తీసి దులుపుకున్నాడు.

"చక్రాలతోని ఎడ్లబండి గూడ పోతది," అన్నది చంద్రమ్మ. "చక్రాలు లేకుంట పోతది కాబట్టే దీన్ని మోటరన్నరు. నీ గొర్లకేం తెలుస్తది?"

రోషం వచ్చి కుర్మయ్య ఎక్కాడు. గొంగడి కప్పుకొని ముసలమ్మల నడుమ ఇరుక్కొని కూర్చున్నాడు. కొండల్ గగన్‌పహాడ్ మలుపుల దగ్గర స్టీరింగును అటు ఒకసారి ఇటు ఒకసారి తిప్పేసరికి వెనకనుంచి "ఆపు, ఆపురోయ్!" అని కేక. తలుపు తీసుకొని ఉరికి, కుర్మయ్య గోడకు చేయి ఆన్చి పొద్దున తిన్న జొన్నసంకటి అంతా కక్కేశాడు. బయటికి వచ్చి తలకు రుమాలు చుట్టుకుంటూ, "మలుపులు చానున్నయ్‌రా," అన్నాడు. ఆ రోజునుంచి అతన్ని మించి ఆ మోటరును పొగిడినవాడు లేడు. కడుపులోది బయటికి తెచ్చినదాన్ని అబద్ధమని ఎవడంటాడు?

కొండల్‌కు భయం కూడా పట్టుకుంటున్నది. ఫలక్‌నుమా అనగానే చేతుల కింద స్టీరింగు బరువెక్కుతున్నది, నిజంగా ఎత్తు ఎక్కుతున్నట్లు. మూసీ మీది నయాపుల్ వంతెన అనగానే చల్లటి గాలి మెడకు తగులుతున్నది. కొట్టంలో గాలి ఎక్కడిది? వాడు ఎవరికీ చెప్పలేదు. కొన్ని సంగతులు బయటికి చెబితే పలచబడతాయని ఊరుకున్నాడు.

ఏడాది తిరిగింది. పంతులు రేపు వస్తాడనగా అనంతమ్మ వాణ్ణి పిలిచింది.

"ఇగ సూడు కొండల్. పంతులు వచ్చి ఎప్పటి తీర్గనే తగ్గిస్తనంటే మోటరు ఉంటది. వంకలు పెట్టిండనుకో, నేనిగ పరేషాన్ కాలేను. ఎల్లుండి గుత్తేదారు వచ్చి విప్పుకపోతడు. నువ్వు మళ్ళ ఎడ్లకాడికి పో."

"వంకేముంటదమ్మా? సూది మొనంత కదలలే." వాడు నిండు మనసుతోనే అన్నాడు. కదల్లేదు కదా!

పంతులు వచ్చాడు. ముందు వడ్ల కొట్టులోకి పోయి చక్రాలు చూశాడు. సాలెగూళ్ళు ఎంత మందంగా అల్లుకున్నాయంటే చేయి పెడితే చొక్కాకు చుట్టుకొని చేయి వెనక్కి రాలేదు. కొట్టంలోకి వచ్చి రాళ్ళు చూశాడు. ఒక రాయి పక్కన చీమలు పుట్ట కట్టుకొని, పిల్లాజెల్లాతో కాపురం చేస్తున్నాయి. "భేష్," అన్నాడు పంతులు. అనంతమ్మ కొండల్ దిక్కు చూసింది. కొండల్ ఛాతీ ఇంత అయింది.

పంతులు మోటరు తలుపు తీసి, మీటరు మీది దుమ్ము చేతిరుమాలుతో తుడిచాడు. చూశాడు. కండ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్ళీ చూశాడు.

"ఇరవై ఆరు మైళ్ళు ఎక్కువ తిరిగిందేమిటయ్యా?"

కొండల్ మోటరు దగ్గరికి ఉరికి వచ్చాడు. "లేదయ్యా! ఎట్ల తిరుగుతది? చక్రాలు మీరే చూస్తిరి కద!"

"చూశాను. మీటరు కూడా చూశాను. చక్రాలకి సాలెగూళ్ళు పెంచవచ్చు. ఇది మనం తిప్పితే తిరిగేది కాదు. బండి పోతేనే తిరుగుతుంది."

అప్పుడు తెలిసింది కొండల్‌కు. ఇంజనుతో పాటు, గేరుతో పాటు, ఆ గాజు కింద అంకెలు కూడా ఒక్కొక్కటే జరుగుతూ వచ్చాయి. వాడు ఏనాడూ మీటరు దిక్కు చూడలేదు. రోడ్డు చూసే మనిషి మీటరు ఎందుకు చూస్తాడు? నిజం చెప్పాలని నోరు తెరిచేంతలో తలుపు దగ్గర ఈరమ్మ గొంతు వినబడ్డది.

"ఎందుకు పోలేదు పంతులూ? బరాబర్ పోయింది. నేనే పోయిన."

పంతులు చేతిరుమాలు మడిచి ఈరమ్మ దిక్కు తిరిగాడు.

"ఎక్కడికి వెళ్ళావమ్మా?" అన్నాడు పంతులు.

"పట్నం. చార్మినార్ చూసిన. గీ చంద్రమ్మ అయితే నయాపుల్ దాకా పోయింది. నేను ఒట్టి మాట చెప్పే మనిషినా? పటేలమ్మనడుగు, నా చల్లల నీళ్ళు కలుస్తయా అని."

"నేను గగన్‌పహాడ్ కాడ కక్కుకున్న," అన్నాడు కుర్మయ్య ముందుకు వచ్చి, సాక్ష్యం చెప్పే మనిషి లాగా చేతులు కట్టుకొని. "ఈ మోటరు పోకపోవుడేంది పంతులుగారూ! దీనంత పోయే మోటరు నైజాము రాజ్యంల లేదు."

మోటరుకు మేలు చేస్తున్నామని వాళ్ళ నమ్మకం. వేలు పెట్టి చూపినట్లు గుర్తులు చెప్పారు. చార్మినారు ఎత్తు చెప్పారు. మూసీలో బట్టలు ఉతికేవాళ్ళను చెప్పారు. ఒక్కొక్క మాటకూ పంతులు ముఖం ముడుచుకుపోతున్నది, అనంతమ్మ ముఖం రాయి అవుతున్నది.

"కొండల్," అన్నది ఆమె, గొంతు ఎత్తకుండా. "గుత్తేదారుకు కబురు పంపు."

కొండల్ పంతులు ముందుకు పోయి రెండు చేతులూ జోడించాడు. "పంతులుగారూ, నోటితోని చెప్తె మీరు నమ్మరు. నేనయినా నమ్మకపోదును. జర ఎక్కుండ్రి. ఒక్కసారి ఎక్కుండ్రి. ఆ తర్వాత మీరేం రాసినా సరే."

పంతులు ముందు సీటులో, మీటరుకు ఎదురుగా కూర్చున్నాడు. ఈరమ్మ అడగకుండానే వెనక ఎక్కింది. డబ్బా అడుగున మిగిలిన పెట్రోలు వంచి పోసి కొండల్ హ్యాండిల్ తిప్పాడు. మోటరు లేచింది. గేరు వేశాడు. పంతులు ఎదురుగా చూస్తే మట్టిగోడ. కిందికి చూస్తే మీటరులో అంకె మెల్లగా ఒత్తిగిలి, పక్క అంకెకు చోటిస్తున్నది. మళ్ళీ గోడ దిక్కు చూశాడు. గోడకున్న బల్లి అక్కడే ఉన్నది. మీటరులో ఇంకో అంకె కదిలింది.

"ఓరి నాయనా," అన్నాడు పంతులు.

"ముందల కూసుంటె గోడనే కనవడ్తది పంతులూ," అన్నది ఈరమ్మ పరదా వెనకనుంచి. "ఎన్కకు రా. నీకు యాడికి పోవాలని ఉన్నదో చెప్పు. గీ పిలగాడు తీస్కపోతడు."

ఎందుకు పోయాడో పంతులుకే తెలియదు. దిగి, తలుపు తీసి, వెనక సీటులో ఈరమ్మ పక్కన కూర్చొని పరదా వేసుకున్నాడు. మొదట ఇంజను చప్పుడే. ఆ తర్వాత చిన్న గొంతు వచ్చింది, అది బీమా కంపెనీ గొంతు కాదు.

"రాజమండ్రి వెళుతుందా?"

కొండల్ స్టీరింగు సర్దుకొని పట్టుకున్నాడు. "నాకు తొవ్వ తెల్వదయ్యా. మీరు చెప్పుండ్రి, నేను తోల్త."

"సూర్యాపేట మీదుగా పోనీ. బెజవాడ. కొండ పక్కనుంచి తిప్పు. ఏలూరు. అదిగో, కాలవ వచ్చింది, కాలవ వెంటే పోనీ, తొందర లేదు." పంతులు చెబుతూ ఉంటే కొండల్ తిప్పుతూ ఉన్నాడు. వాడు పుట్టాక చూడని ఊళ్ళు. మట్టిగోడ మీద వరుసగా కొబ్బరిచెట్లు వచ్చి పోతున్నాయి. వాడు కొబ్బరికాయ చూశాడు గానీ కొబ్బరిచెట్టు ఎన్నడూ చూడలేదు. అయినా అవి కొబ్బరిచెట్లేనని తెలిసింది.

మోటరు దగ్గింది. ఒకసారి ఎగిరిపడ్డది. ఆగిపోయింది. పెట్రోలు అయిపోయింది.

అయిపోయింది ఇక, మోటరూ అయిపోయింది, నేనూ అయిపోయాను, అనుకున్నాడు కొండల్. చేతులు స్టీరింగు మీదనుంచి తీయబోయాడు.

"సరిగ్గా ఆపావయ్యా," అన్నది పరదా వెనక గొంతు. "కొవ్వూరు రేవు. ఇక్కడ ఇంజను ఆపాల్సిందే. వంతెన రైలుకే గానీ మోటరుకి లేదు. పడవ మీదికి ఎక్కించాలి."

ఎవరూ దిగలేదు. కుర్మయ్య తలుపు దగ్గర తెరిచిన నోరు తెరిచినట్లే నిలబడ్డాడు. అనంతమ్మ దూలాన్ని పట్టుకొని ఉన్నది. ఇంజను చప్పుడు లేదు, వణుకు లేదు. ఆ చప్పుడు లేనితనంలో మోటరు మెల్లగా ఊగింది. కొండల్ ప్రమాణం చేసి చెబుతాడు, అది ఊగింది. ఎడమకు ఇంత, కుడికి ఇంత. కింద ఎంతో లోతున నీళ్ళు ఉన్నట్లు, ఆ నీళ్ళు ఎవరి తొందరా లేకుండా పోతున్నట్లు. వాడు కాళ్ళు దగ్గరికి తీసుకున్నాడు.

"ఎంత నీరు పంతులూ," అన్నది ఈరమ్మ గుసగుసగా. "అవతలి ఒడ్డు కనవడ్తలేదు."

"కనపడుతుంది. కాసేపాగు. అదిగో, మెట్లు. మార్కండేయస్వామి గుడి. మా అమ్మ అక్కడే..." పంతులు ఆగిపోయాడు.

మళ్ళీ ఎంతసేపటికో పరదా కదిలింది. పంతులు దిగాడు. పంచె సవరించుకున్నాడు, అద్దాలు పెట్టుకున్నాడు, ముక్కు చీదుకున్నాడు. నేరుగా ముందుకు పోయి మీటరు చూశాడు. చూసి, గాజు మీద వేలితో కొట్టి మళ్ళీ చూశాడు.

"అమ్మగారూ," అన్నాడు చివరకు, "ఈ మీటరు పనికిమాలినది."

"ఏంది పంతులూ?"

"బండి కొట్టంలో కూర్చొని ఉంటే గిరగిర తిరిగింది. ఇంజను తిరిగితే అది తిరుగుతోంది, అంతే. తీరా గోదావరి దాటుతున్నప్పుడు చూడండి, ఒక్క అంకె కదల్లేదు. ఉన్నచోట ఉంటే పోయిందంటుంది, పోతే ఉన్నచోటే ఉన్నావంటుంది. ఇటువంటి దాని సాక్ష్యం పట్టుకొని నేనేం రాయను? చక్రాలు కొట్టులో ఉన్నాయి. చీమలు పుట్టలో ఉన్నాయి. బండి రోడ్డెక్కలేదు. ఎప్పటి తగ్గింపే రాస్తున్నాను. పైవాళ్ళు అడిగితే మీటరు చెడిపోయిందని చెబుతాను." కొండల్ దిక్కు తిరిగాడు. "గడ్డివాము పక్కన ఇంజను వేశావంటే మాత్రం ఊరుకోను. పెట్రోలు ముట్టకు."

"ముట్టనయ్యా," అన్నాడు కొండల్. దిగి, తీపులు పెడుతున్న నడుమును రెండు చేతులా పట్టుకున్నాడు. అంత దూరం తోలిన డ్రైవరుకు ఉండే తీపులే అవి.

పంతులు ఎడ్లబండి ఎక్కి పోయాడు. ఊరివాళ్ళు అతని వెంటే కొంత దూరం నడిచారు, గోదావరి నీళ్ళు తీపా ఉప్పా అని అడుగుతూ. కొట్టంలో కొండల్, అనంతమ్మ మిగిలారు. తిట్లు వస్తాయని వాడు తల వంచుకొని నిలబడ్డాడు.

"పటేలు దాచిన పెట్రోలంత తాగబెట్టినవా?"

"తాగబెట్టినమ్మా."

"ఇగ దీంతోని ఎట్ల పోతరు మీరు?"

కొండల్ ఆలోచించాడు. పెట్రోలు లేకుండానే కదా గోదావరి దాటింది. పెట్రోలు ఉన్నన్నాళ్ళూ దాటిన నది నయాపుల్ కింది మూసీ ఒక్కటే. ఆ సంగతి తలలోకి దిగుతుంటే వాడికి ఒళ్ళు జల్లుమన్నది. ఇంతకాలం దారికి కొస ఉన్నదనుకున్నాడు, ఆ కొస పెట్రోలు డబ్బా అడుగేననుకున్నాడు.

"ఎట్లయిన పోతదమ్మా," అన్నాడు.

అనంతమ్మ మోటరు దిక్కు చూసింది. పటేలు పోయిన తర్వాత ఆమె అవసరానికి ఎక్కడమే గానీ, ఊరికే ఎన్నడూ ఎక్కలేదు. చెప్పులు విడిచింది. తలుపు తెరిచి, తల వంచి, వెనక సీటులోకి పోయి కూర్చున్నది. మఖ్మలు పరదా తన చేతితో తానే లాక్కున్నది.

కొండల్ ముందు కూర్చొని రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టాడు. ఎదుట మట్టిగోడ అప్పటికే కొంచెం దూరం జరిగినట్లున్నది.

"యాడికి పోదమమ్మా?"

పరదా వెనక సీటు కిర్రుమన్నది.

"ముందైతే పోనీరా," అన్నది అనంతమ్మ. "తొవ్వల చెప్త."